మీరు అడగరు, మేము చెప్పం: విశాఖ మూలికల కొట్ల వారికీ, మానసిక వైద్యులకూ ఒక ఉత్తరం

విశాఖపట్నంలో మూలికల కొట్లు నడుపుతున్నవారికి, ఇదే ఊళ్లో మనసుకు వైద్యం చేస్తున్న డాక్టర్లకు,

నమస్కారం.

మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడం మీలో కొందరికి చిన్నతనంగా అనిపించవచ్చు. తప్పదు. మీ దగ్గరికి వచ్చే మనుషులు వేరు వేరు కారు. పొద్దున ఓపీ చీటీ పట్టుకుని వరుసలో నిలబడినవాళ్లే సాయంత్రం పూర్ణా మార్కెట్ వైపు వెళ్లి అశ్వగంధ పొడి పొట్లం కట్టించుకుంటారు. అక్కడి సంగతి ఇక్కడ చెప్పరు, ఇక్కడి సంగతి అక్కడ చెప్పరు. నేనూ చెప్పలేదు. అందువల్ల ఏమైందో మీ ఇద్దరికీ ఒకేసారి చెబుదామని కూర్చున్నాను.

నేను డిగ్రీ కళాశాలలో వృక్షశాస్త్రం బోధించి రిటైరయ్యాను. ఎంవీపీ కాలనీలో ఉంటాను. మా వారు పోయిన ఏడాదికి, చుట్టాలందరూ ‘ఇక తేరుకుందిలే’ అని నిశ్చింతగా ఉన్న రోజుల్లో, మెల్లగా కుంగిపోయాను. ఏడుపు కూడా వచ్చేది కాదు. పొయ్యి మీద పాలు పొంగిపోతుంటే, కట్టేయాలని తెలిసీ, చూస్తూ నిలబడేదాన్ని. తెల్లవారుజామున మూడింటికి మెలకువ వచ్చేది. రోజూ బీచ్ రోడ్డులో నడిచే మనిషిని వీధి గుమ్మం దాకా వెళ్లడానికి బద్ధకించాను. మా అమ్మ ఉంటే దీన్ని బెంగ అనేది. డాక్టరు గారు డిప్రెషన్ అన్నారు. ఎస్సిటాలోప్రామ్ బిళ్ల రాసి, గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుందని, తొందరపడవద్దని చెప్పారు. వేసుకుంటున్నాను.

ఈలోగా జర్మనీలో ఉన్న మా అమ్మాయి సెలవులకు వచ్చింది. వస్తూ ఒక సీసా తెచ్చింది. సీసా మీద అయిదు రేకల పసుపు పువ్వు. జర్మనీ వాళ్లు జొహానిస్‌క్రౌట్ అంటారు, ఇంగ్లీషులో సెయింట్ జాన్స్ వర్ట్, మా బోటనీ వాళ్ల భాషలో హైపెరికమ్ పెర్ఫొరేటమ్. మన తూర్పు కనుమల మొక్క కాదిది. యూరప్‌లోనూ, మన దేశంలో పశ్చిమ హిమాలయాల్లోనూ పెరుగుతుంది. ఒకసారి విద్యార్థులను హిమాచల్ తీసుకువెళ్లినప్పుడు కొండవాలులో చూపించాను. ఆకును వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే సూదితో పొడిచినట్టు చుక్కలు కనిపిస్తాయి. మొగ్గను నలిపితే పసుపు రంగు పోయి వేళ్లకు ఎర్రగా అంటుకుంటుంది. ఆ రోజు బస్సు ఎక్కేసరికి పిల్లలందరి వేళ్లూ ఎర్రగానే ఉన్నాయి. ఆ ఎరుపు పేరు హైపెరిసిన్. జూన్ 24న వచ్చే సెయింట్ జాన్ పండుగ రోజుల్లో పూస్తుంది కాబట్టి ఆ పేరు.

సీసా చూడగానే పాత స్నేహితురాలు గుమ్మంలోకి వచ్చినట్టయింది. రోజుకు రెండు కాప్స్యూళ్ల చొప్పున మొదలుపెట్టాను. డాక్టరు గారికి ఒక మాట చెప్పాలన్న ఆలోచనే రాలేదు. మందైతే చెప్పాలి గానీ, ఇది మొక్క కదా!

మా వంటింట్లో గోడ క్యాలెండర్ మీద పాల లెక్క రాస్తాను. ఆ నెల కాగితం ఇప్పటికీ దాచి ఉంచాను. నాలుగో తేదీ దాకా గడిలో ‘అర’ అని గుండ్రంగా ఉంది, బోర్డు మీద రాసిన అలవాటు చేతిరాత. కాప్స్యూళ్లు మొదలుపెట్టింది అయిదున. ఏడో తేదీ గడిలో ‘ర’ తలకట్టు వంకర పోయింది. తొమ్మిదిన అక్షరం గడి గీత దాటింది. పదకొండున రాసింది నేను రాశానంటే నాకే నమ్మకం లేదు, చీమ సిరాలో పడి లేచి నడిచినట్టుంది. చెయ్యి వణుకు ఒక్కటే కాదు. ఫ్యాను కింద కూర్చున్నా చెమటలు. కడుపులో గడబిడ. కూర్చుంటే లేవాలని, లేస్తే కూర్చోవాలని. రాత్రి పడుకుంటే కాళ్లు వాటంతటవే ఎగిరిపడేవి. వయసు మీద పడుతోందనుకున్నాను. పన్నెండో తేదీ రాత్రి గుండె దడ తట్టుకోలేక ఆసుపత్రికి వెళ్లాం.

రాత్రి డ్యూటీలో ఉన్న డాక్టరు అడిగారు: ‘ఏం మందులు వాడుతున్నారు?’ ఒకే బిళ్ల అని చెప్పాను. బీపీ లేదు, షుగరు లేదు. ‘ఆందోళన వల్ల వచ్చింది, కంగారు పడకండి’ అన్నారు. నేను అబద్ధం ఆడలేదు, ఆయన అశ్రద్ధగా అడగలేదు. అయినా అసలు సంగతి మా ఇద్దరి మధ్యనుంచి జారిపోయింది. ఆ తర్వాత బీపీ చూడటానికి వచ్చిన హౌస్ సర్జన్ అమ్మాయి, చేతికి పట్టీ చుడుతూ మామూలుగా అంది: ‘అమ్మా, ఇంట్లో ఆకులు, పొడులు, కషాయాలు ఏమైనా వాడుతున్నారా? పిల్లలు ఫారిన్ నుంచి ఏమైనా పంపారా?’ అప్పుడు గుర్తొచ్చింది నాకు, ఆ పసుపు పువ్వు. చెప్పగానే ఆ అమ్మాయి నా మోకాలి కింద తట్టింది. కాలు ఎంత విసురుగా లేచిందంటే ఆమె చేతిలోని సుత్తి పక్కకు పోయింది. పరుగెత్తి పెద్ద డాక్టరును పిలుచుకొచ్చింది.

దీన్ని సెరొటోనిన్ సిండ్రోమ్ అంటారట. నేను వేసుకుంటున్న బిళ్ల మెదడులో సెరొటోనిన్ అనే రసాయనం పనిని పెంచుతుంది. ఆ పువ్వులోని సరుకూ అదే పని చేస్తుంది. రెండూ కలిస్తే మోతాదు మించుతుంది. ముదిరితే ప్రాణం మీదికి వస్తుంది. నాది ముదరలేదు. రెండూ ఆపించి, ఒక రాత్రి ఉంచుకుని పంపారు. రెండు మూడు రోజుల్లో చెయ్యి నిలకడగా వచ్చింది. పెద్దవాళ్లలో సరిగ్గా ఇటువంటి కేసులు చూశామని అమెరికా వైద్యులు 1999లోనే రాశారని తర్వాత చదివి తెలుసుకున్నాను. నలభై ఏళ్లు మొక్కల పాఠం చెప్పినదానికి, మొక్క రసాయనాల కార్ఖానా అని విద్యార్థుల చేత వల్లె వేయించినదానికి, నా నోట్లో వేసుకునేటప్పుడు మాత్రం ఆ పాఠం గుర్తు రాలేదు.

ముందుగా డాక్టర్లతో ఒక మాట. ‘మందు’ అన్న మాటలో మాకు ఆకు చేరదు. పసిపిల్లలకు వస కొమ్ము అరగదీసి నాకించే ఇళ్లలో పుట్టినవాళ్లం. జలుబు చేస్తే తులసి, దెబ్బ తగిలితే పసుపు. అవి వంటింటి వస్తువులు, మా లెక్కలో మందులు కావు. మీరు ‘ఏం మందులు?’ అని అడిగినంత కాలం మేము బిళ్లల పేర్లే చెబుతాం. ఆకు అని అడగండి. పొడి, కషాయం, లేహ్యం, అరిష్టం, నూనె, ఊరి నుంచి వచ్చిన పొట్లం, విదేశం నుంచి వచ్చిన సీసా అని విడివిడిగా అడగండి. ఆ హౌస్ సర్జన్ అమ్మాయికి అర నిమిషం పట్టింది.

అడిగేటప్పుడు మొహం మాత్రం చిట్లించకండి. తర్వాత ఇంకో డాక్టరు దగ్గరికి వెళ్లి జరిగిందంతా చెబితే, ‘ఆకులతో డిప్రెషన్ తగ్గుతుందా మేడమ్, అదీ మీలాంటి చదువుకున్నవారు...’ అని నవ్వారు. ఆ నవ్వుతో నా నోరు మూతపడింది. తర్వాత ఆయనకు నేనేమీ చెప్పలేదు. నిజానికి ఆ నవ్వుకు ఆధారం కూడా తక్కువే. సెయింట్ జాన్స్ వర్ట్ మీద జరిగిన 29 పరీక్షలను, 5,489 మంది రోగుల వివరాలను కలిపి చూసిన సమీక్ష ఒకటి, వైద్య పరీక్షలను బేరీజు వేసే కొక్రేన్ అనే అంతర్జాతీయ సంస్థది, 2008లో వచ్చింది. ఉత్తుత్తి మాత్రతో, అంటే మందు లేని మాత్రతో, పోలిస్తే ఇది మెరుగని, మామూలు డిప్రెషన్ మందులకు ఇంచుమించు సాటిగా పనిచేసిందని, దుష్ప్రభావాలతో మధ్యలో మానేసినవారు కూడా తక్కువేనని అందులో తేల్చారు. జర్మన్ మాట్లాడే దేశాల్లో జరిగిన పరీక్షల్లో ఫలితాలు మరీ బాగా వచ్చాయని, ఎందుకో ఆలోచించాలని కూడా అదే సమీక్షలో ఉంది. దానికి ఆరేళ్ల ముందు, 2002లో, అమెరికాలో 340 మందిపై చేసిన పరీక్షలో ఈ మొక్క ఉత్తుత్తి మాత్రను దాటలేకపోయింది. అయితే అదే పరీక్షలో సెర్ట్రలిన్ అనే మామూలు డిప్రెషన్ బిళ్ల కూడా దాటలేకపోయింది. ఆ రెండో ముక్క చెప్పకుండా మొదటిది మాత్రమే చెప్పేవాళ్లను చూశాను.

పనిచేసే మొక్క కాబట్టే భయపడాలి. ఏ పనీ చెయ్యని గడ్డి తింటే ఎవరికీ ఏమీ కాదు. ఈ మొక్కలో హైపర్‌ఫోరిన్ అనే పదార్థం ఉంది. మన కాలేయంలో మందులను విరగ్గొట్టి బయటకు పంపే ఎంజైములు ఉంటాయి. హైపర్‌ఫోరిన్ వాటిని, ముఖ్యంగా సీవైపీ3ఏ4 అనేదాన్ని, ఎక్కువగా తయారయ్యేలా చేస్తుంది. దాంతో వేసుకున్న మందు సరిగా పనిచేయకముందే విరిగిపోతుంది. గర్భనిరోధక మాత్రలు, రక్తం గడ్డకట్టకుండా వాడే వార్ఫరిన్, హెచ్‌ఐవీ మందులు దీనివల్ల బలహీనపడతాయి. కిడ్నీయో గుండెయో మార్పిడి చేయించుకున్నవాళ్లు దీన్ని వాడితే, తిరస్కరణ రాకుండా వేసుకునే సైక్లోస్పోరిన్ మందు రక్తంలో తగ్గిపోయి, పెట్టిన అవయవాన్ని శరీరం తిరస్కరించిన కేసులున్నాయి. ఆపేశాక కూడా ఒకటి రెండు వారాల దాకా ఈ ప్రభావం వదలదు. సీసా మీద జర్మన్ భాషలో ఇదంతా రాసే ఉంది. మా అమ్మాయి చదవలేదు, నేను అడగలేదు.

ఇంకొకటి చెప్పనివ్వండి, ఇది మీ ఇద్దరికీ. సర్పగంధ అనే వేరు మన కనుమల అడవుల్లో ఒకప్పుడు బాగా దొరికేది. విపరీతంగా తవ్వేయడం వల్ల అరుదైపోయి, అంతర్జాతీయ వ్యాపారంపై ఆంక్షలున్న జాబితాలోకి ఎక్కింది. నిద్ర పట్టడానికి, మతి తప్పినవారిని శాంతపరచడానికి మన వైద్యులు వాడేవారు. 1931లో గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ అనే ఇద్దరు దాని గురించి వైద్య పత్రికలో రాశారు. 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ రక్తపోటుకు దాని ఉపయోగాన్ని ప్రపంచానికి చాటారు. 1952లో స్విట్జర్లాండ్‌లో ఆ వేరు నుంచి రెసర్పిన్ తీశారు. ఆ బిళ్లలు వేసుకున్న రక్తపోటు రోగుల్లో కొందరు తీవ్రమైన దిగులులో కూరుకుపోతున్నారని ఆ దశాబ్దంలోనే వైద్యులు గమనించారు. ఆ లెక్కను ఎక్కువ చేసి చెప్పారని తర్వాత కొందరు వాదించారనుకోండి. ఏమైనా రెసర్పిన్ మెదడులోని సెరొటోనిన్ వంటి రసాయనాలను ఖాళీ చేస్తుందని తెలిశాక, దిగులుకు మూలం ఆ రసాయనాల కొరతేమో అన్న ఊహ పుట్టింది. డాక్టరు గారూ, మీరు రాసే బిళ్లల వంశవృక్షంలో మన అడవి వేరు ఒకటి ఉంది. కొట్టు బాబుగారూ, నిద్ర పట్టడం లేదన్న ప్రతి మనిషికీ ఆ వేరు తూచి ఇవ్వకండి. నిద్ర పట్టకపోవడానికి కారణం దిగులే అయితే, అది నిప్పులో నెయ్యి పోసినట్టవుతుంది.

ఇప్పుడు కొట్ల వారితో. మీ మీద నాకు కోపం లేదు. కోలుకున్నాక, తెలుసుకుందామనే, ఒక కొట్టుకు వెళ్లాను. మనసు బాగోవడం లేదు బాబూ, నిద్ర లేదు, తిండి సయించదు అన్నాను. ఆ అబ్బాయి ముందు స్టూలు వేశాడు. మంచినీళ్లు ఇచ్చాడు. ఎన్నాళ్ల నుంచి, ఇంట్లో ఎవరున్నారు, అయ్యగారు పోయి ఎన్నేళ్లయింది అని అడిగాడు. మధ్యలో వచ్చిన బేరాలను కాసేపు ఆగమన్నాడు. ఆసుపత్రిలో నాతో నాలుగు నిమిషాలకు మించి మాట్లాడినవారు లేరు. మీ కొట్లకు జనం ఎందుకు వస్తారో ఆ స్టూలు మీద కూర్చున్నప్పుడు అర్థమైంది. అడగవలసిన ఒక్క ప్రశ్న మాత్రం అతను అడగలేదు: ‘ఏమైనా బిళ్లలు వాడుతున్నారా అమ్మా?’

బ్రాహ్మి ఇమ్మంటే ఎండుటాకుల పొట్లం కట్టాడు. ఇంటికి వచ్చి నీళ్లలో నానబెట్టి, పాత భూతద్దం తీసి చూశాను. మూత్రపిండం ఆకారంలో, అంచున పళ్లతో, పొడుగాటి కాడతో ఉన్నాయి చాలా ఆకులు. అది సరస్వతి ఆకు, సెంటెల్లా. వాటి మధ్య కాడ లేని, చిన్న చెంచాల్లాంటి మందపాటి ఆకులు కొన్ని. అవి బకోపా. ఆయుర్వేద ఫార్మకోపియా, అంటే మందుల ప్రమాణాల అధికారిక గ్రంథం, ప్రకారం బ్రాహ్మి అంటే బకోపా, సెంటెల్లాది మండూకపర్ణి అన్న పేరు. అబ్బాయి మోసం చేశాడని అనను. ఉత్తరాదిలో చాలాచోట్ల సెంటెల్లానే బ్రాహ్మి అంటారు, సరుకు ఎక్కడి నుంచి వస్తే పేరూ అక్కడిదే వస్తుంది. కానీ పొడి కొట్టించి ఉంటే నా భూతద్దానికి కూడా దొరికేది కాదు. పొట్లం మీద శాస్త్రీయ నామం ఒక ముక్క రాయండి. బకోపా జ్ఞాపకశక్తికి కొంత తోడ్పడవచ్చని మూడు నెలల పరీక్షల్లో తేలింది. దిగులుకు చాలునని చెప్పే స్థితి ఇంకా లేదు.

అశ్వగంధ సంగతీ అంతే. ఈ ఊళ్లో ఇప్పుడు కాఫీ తర్వాత ఎక్కువగా తాగేది అదేనేమో అనిపిస్తుంది. 2012లో హైదరాబాదులో 64 మందికి ఇచ్చిన పరీక్షలో, వేరు సారం 300 మిల్లీగ్రాముల చొప్పున రోజుకు రెండుసార్లు, రెండు నెలలు వాడితే ఒత్తిడి తగ్గిందని తేలింది. ఒత్తిడి వేరు, డిప్రెషన్ వేరు. అది థైరాయిడ్ హార్మోనును పెంచగలదు, మత్తు బిళ్లల మత్తును పెంచగలదు, గర్భిణులకు వద్దు. కాలేయం దెబ్బతిన్న కేసులు ఐస్‌లాండ్ నుంచి మన దేశం దాకా వైద్య పత్రికల్లో వచ్చాయి. కళ్లు పచ్చబడితే, మూత్రం ముదురు రంగులోకి మారితే వెంటనే ఆపమని ఒక్క మాట చెప్పి అమ్మండి.

కుంకుమ పువ్వు మీద ఇరాన్‌లో మంచి పరీక్షలే జరిగాయి, చిన్నవే అనుకోండి. రోజుకు 30 మిల్లీగ్రాములు, ఆరు వారాలు. అంటే పదిహేను రేకలకు అటూ ఇటూ. అసలు సరుకైతే. రంగు వేసిన మొక్కజొన్న పీచును పాలలో కలుపుకుని బెంగ తీరలేదని బాధపడే అమాయకులు ఎందరో ఉన్నారు.

మీరు అసలు చెయ్యకూడని పని ఒకటుంది. ‘ఆ ఇంగ్లీషు బిళ్లలు ఆపేసి ఇది వాడండి’ అనకండి. మా వీధిలో ఒకావిడ అలాగే విని, ఒక్కసారిగా మానేసింది. తల తిరుగుడు, తలలో కరెంటు కొట్టినట్టు జలదరింపులు, నిద్రలో పీడకలలు. పాత జబ్బు తిరగబెట్టిందని ఇంట్లోవాళ్లు, విషం విరుగుతోందని మీవాళ్లు. రెండూ కావు, బిళ్లను మెల్లగా తగ్గించకుండా ఆపినందుకు వచ్చిన తిప్పలు. ఎప్పుడు ఎలా తగ్గించాలో రాసిన డాక్టరే చెప్పాలి. ఇక ‘డిప్రెషన్ మాయం’ అని బోర్డులు కట్టేవారికి 1954 నాటి ప్రకటనల చట్టం గుర్తుండే ఉంటుంది. మెదడు జబ్బులను నయం చేస్తామని చాటుకోవడం దాని ప్రకారం నేరం.

మేమెందుకు దాస్తామో కూడా చెప్పాలి. చినవాల్తేరు పేరు ఎత్తితేనే నవ్వే ఊరు మనది. అక్కడ మంచి మానసిక ఆసుపత్రి ఉందని ఎవరూ అనరు, ‘నిన్ను చినవాల్తేరు పంపాలి’ అని మాత్రం చిన్నపిల్లలు కూడా అంటారు. మా ఆడపడుచుకు నేను డిప్రెషన్ బిళ్ల వేసుకుంటున్నానని ఇప్పటికీ తెలియదు. అశ్వగంధ తాగుతున్నానంటే మాత్రం మెచ్చుకుని, తనకూ ఒక డబ్బా తెమ్మంది. మనోవ్యాధికి మందు లేదని సామెత చెప్పుకుని తరాల తరబడి ఊరుకున్నాం. ఇప్పుడు రెండు రకాల మందులున్నాయి, ఒకటి అందరికీ చూపిస్తాం, రెండోది బీరువాలో పెట్టి తాళం వేస్తాం.

అందుకే కొట్ల వారిని ఇంకో సాయం అడుగుతాను. బతకాలని లేదు అన్న మాట మీ స్టూలు మీద కూర్చున్నవాళ్ల నోట ఎప్పుడైనా వస్తే, ఏ పొట్లమూ కట్టకండి. అంత లోతు దిగులుకు సరిపోయే ఆకు మీ కొట్లో లేదు. 14416 నంబరుకు ఫోను కలిపి ఇవ్వండి. అది టెలిమానస్, 2022 అక్టోబరు 10న కేంద్రం మొదలుపెట్టింది. డబ్బు కట్టక్కరలేదు, రాత్రీ పగలూ పలుకుతారు, తెలుగులో మాట్లాడతారు. తక్కెడ పక్కన గోడ మీద ఆ అయిదు అంకెలు రాసి పెట్టుకోండి. వాళ్లను ఒంటరిగా పంపకండి, ఇంట్లోవాళ్లను పిలిపించండి.

నేను మళ్లీ ఎస్సిటాలోప్రామ్ వేసుకుంటున్నాను, పాలు పొంగకముందే కట్టేస్తున్నాను. పర్సులో ఒక కాగితం పెట్టుకున్నాను. ఒక పక్క బిళ్లలు, రెండో పక్క ఆకులు. రెండో పక్క ప్రస్తుతానికి రాత్రి పూట వేసుకునే త్రిఫల చూర్ణం ఒక్కటే ఉంది.

మా అమ్మాయి తెచ్చిన సీసాలో ఇంకా నలభై నాలుగు కాప్స్యూళ్లు ఉన్నాయి. పారేయలేదు. వచ్చే వారం డాక్టరు గారి దగ్గరికి వెళ్లేటప్పుడు సంచిలో వేసుకెళ్లి, ఆయన బల్ల మీద, పసుపు పువ్వు ఆయనకు కనబడేలా తిప్పి పెడతాను. అడుగుతారో లేదో చూడాలి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ వృక్షశాస్త్ర అధ్యాపకురాలు,
ఎంవీపీ కాలనీ, విశాఖపట్నం.